పన్నెండో గులాబీ చెట్టు

మొగ్గ మెడ కనబడటం లేదు. నువ్వుగింజలో సగం కూడా లేని పచ్చటి పురుగు దాని చుట్టూ గుంపు కట్టి రసం పీలుస్తోంది.

పామర్రు శివార్లలో ఆడపిల్లల హాస్టలు అది. ముందు పన్నెండు గులాబీ చెట్లు, వెనక నలభైమంది పిల్లలు.

వార్డెన్ సత్యశ్రీ మేడమ్‌కి ఆ పన్నెండూ ప్రాణం. కడియం నుంచి లారీ మీద తెప్పించుకుంది. జనవరి ఇరవయ్యారున జెండా ఎగరెయ్యడానికి వచ్చే పెద్దాఫీసరు చేతిలో ఈ పూలే పెట్టాలి.

కంకిపాడు వెళ్లి పురుగుమందు కొనుక్కొచ్చి, వరికి కొట్టే మోతాదులోనే కొట్టించింది. ఆకులు మాడిపోయాయి. కంపు అన్నాలు తినే గదిదాకా వచ్చి పిల్లలు కంచాల్లో సగం వదిలేసి లేచారు. వారం తిరక్కుండా పురుగు మళ్లీ దిగింది.

ఆ వారమే పిల్లల తలల్లో పేలున్నాయని తేలింది. పేలమందుకి డబ్బుల్లేవు. ఆదివారం మంగలి జక్కయ్య వస్తాడు, అందరికీ గుండ్లే అని మేడమ్ చెప్పేసింది.

చెట్టుకైతే మందు. పిల్లకైతే కత్తి.

పెద్దింట్లమ్మకి పదమూడేళ్లు. కొల్లేట్లో చేపలు పట్టే ఇంటి పిల్ల. నిరుడు కూడా ఇలాగే గీయించారు. సెలవులన్నాళ్లూ తల మీద తువ్వాలు తియ్యకుండా ఇంట్లో మూల కూర్చుంది. రెండు పిలకలు వెయ్యడానికి జుట్టు అందేసరికి ఏడాది పట్టింది.

తిన్నగా మేడమ్ గదిలోకి వెళ్లింది.

"ఇంకో వారం ఆగండి మేడమ్. మీ చెట్ల పురుగు మేం ఏరేస్తాం. మా తలలూ మేమే చూసుకుంటాం. పై ఆదివారం చెట్టు మీదైనా తలలోనైనా ఒక్కటి కనబడితే అందరికీ గీయించెయ్యండి."

"నలభైమంది తరఫునా నువ్వే మాట్లాడేస్తున్నావా?"

"వాళ్లు గుమ్మం అవతలే ఉన్నారండి. అడగండి."

మేడమ్ అడగలేదు. గుండు గీస్తే వచ్చే నష్టమేంటని మాత్రం అంది.

"ఏ దేవుడికిచ్చావే అని అడుగుతారండి. ఏ దేవుడి పేరు చెప్పమంటారు?"

మేడమ్ చెయ్యి తన జుట్టుముడి మీదికి వెళ్లి ఆగింది.

"వారం. ఒక్కటున్నా ఊరుకోను."

చెట్టుకి ముగ్గురు చొప్పున పంచుకున్నారు. మిగిలిన నలుగురూ నీళ్లు మొయ్యాలి. తెల్లారుతూనే మంచులో నిలబడి మొగ్గ మొగ్గకీ వేళ్లతో పురుగు దులిపారు. ప్రతి ఆకూ తిరగేసి చూశారు. ముళ్లు గుచ్చుకున్న వేళ్లతోనే బళ్లో పలకలూ పుస్తకాలూ పట్టుకున్నారు. సాయంత్రం వసారాలో ఒకళ్ల వెనక ఒకళ్లు రైలుపెట్టెల్లా కూర్చుని పేలదువ్వెనలు అందుకున్నారు.

పురుగు కార్చే తీపి కోసం దాన్ని కాస్తూ చీమలు బారులు కట్టాయి. అవి ఎక్కకుండా చెట్ల మొదళ్ల చుట్టూ పొయ్యి బూడిద పోశారు. తమ తలంటుకి రావాల్సిన కుంకుడుకాయలు ముందే అడిగి తీసుకుని, రసం పిండి చెట్లకి చల్లారు. మీ బుర్రలకే చాలి చావదు, వాటిక్కూడా తలంట్లా అని వంటమనిషి తెరేసమ్మ సణిగింది. సణుగుతూనే ఇంకో దోసెడు కాయలు పోసింది.

నాలుగోరోజు ఎర్రవీపు మీద నల్లచుక్కలున్న పురుగొకటి కొమ్మెక్కింది. ఓ పిల్ల నలపబోతే పెద్దింట్లమ్మ చెయ్యి పట్టుకుంది. ఆ పురుగు పచ్చపురుగుని తింటోంది.

"అది మన పార్టీయేనే. ఉండనీ."

ఆదివారం వచ్చింది. వసారా మెట్టు మీద జక్కయ్య కత్తి నూరుతున్నాడు.

మేడమ్ కళ్లజోడు పెట్టుకుని ముందు తలలు చూసింది. పాయపాయా విడదీసి నలభై తలలూ చూసింది. ఒక్కటీ దొరకలేదు.

తర్వాత చెట్లు. పెద్దింట్లమ్మ ఆవిడ పక్కనే నడిచింది. మాడిన ఆకుల సందుల్లోంచి ఎర్రటి చిగుళ్లు కొత్తగా లేస్తున్నాయి. మేడమ్ వంగి, మొగ్గలు ఎత్తి, ఆకులు తిప్పి చూస్తూ పోతోంది. అయిదు చెట్లయ్యాయి. తొమ్మిది. పదకొండు.

పన్నెండో చెట్టు. చిట్టచివరి మొగ్గ కింద పచ్చగా ఒకటి కదిలింది.

పెద్దింట్లమ్మ చూసింది. మేడమ్ కూడా చూసింది.

కత్తి నూరే చప్పుడు ఆగింది.

పెద్దింట్లమ్మ తన రెండు పిలకలూ రెండు చేతులతో పట్టుకుంది.

మేడమ్ వేలికొనతో పురుగుని తీసింది. ఎడమ బొటనవేలి గోరు మీద పెట్టింది. కుడి బొటనవేలి గోరు దాని మీద ఆనించి నొక్కింది. గోళ్ల వంక చూడను కూడా లేదు. చిన్నప్పుడెప్పుడో రోజూ చేసి చెయ్యి తిరిగిపోయిన మనిషి నొక్కినట్టు నొక్కింది.

పెద్దింట్లమ్మ ఆవిడ మొహంలోకి చూసింది.

"ఒక్కటీ లేదు జక్కయ్యా, నువ్వెళ్లిరా," అంది మేడమ్ వెనక్కి తిరక్కుండానే.

అని, గోరుకంటిన పచ్చ మరకని కొంగు చివర తుడుచుకుంది.