నడిమధ్య నిప్పు

“నడిమధ్యలో పెట్టొద్దే అంటే ఇనవేమే! అంచుకు జరుపు, అంచుకు!”

దామోదరం ఫోనులోకి అరిచిన అరుపుకు సత్యవేడులో ఆ వీధి వీధంతా ఉలిక్కిపడింది. ఎదురింటి రుక్మిణమ్మ తలుపు తీసి చూసి, రోజూ ఉండే భాగోతమే కదా అని మళ్లీ మూసుకుంది.

తెరమీద కువైట్‌లోని ఒక పెద్ద ఇంటి వరండా. అందులో హుక్కా ముందు గొంతుక్కూర్చున్న మోహన, దామోదరం భార్య. చేతిలో పట్టకారు, దాని కొసన కణకణలాడే బొగ్గు. వెనక సోఫాలో ఆ ఇంటి పెద్ద మేడమ్, గొట్టం చేత్తో పట్టుకుని ఖళ్లు ఖళ్లున దగ్గుతోంది.

ఒకప్పుడు ఆ ఇంట్లో కారు తోలుతూ, సాయంత్రాలు ఆ హుక్కాకు నిప్పు చూసినవాడు దామోదరమే. నడుము పట్టేసి అతను తిరిగొచ్చాక ఆ ఇంటికే మోహన పనికి వెళ్లింది. ఊరికి ఫోను శుక్రవారం మాత్రమే. మిగతా రోజుల్లో మోహన ఫోను పెద్ద మేడమ్ సొరుగులో ఉంటుంది. హుక్కా మాడితే మాత్రం ఆవిడే తీసిచ్చి, “అడుగు మీ ఆయన్ని” అంటుంది. నెల రోజులుగా అది రోజూ మాడుతోంది.

“సూడు మే,” అంటూ దామోదరం తన ముందున్న ప్రమిదను చూపించాడు. దానికి సిల్వర్ కాగితం బిగించి, సూదితో బొక్కలు పొడిచి, మీద మూడు బొగ్గులు పేర్చుకున్నాడు. పాఠం చెప్పడానికి అతని హుక్కా అదే. “బొగ్గు ఎర్రగా ఉన్నెప్పుడే పెట్టగూడదు. మింద తెల్లగా నివురు పట్టల్ల. మూడూ అంచునే పెట్టి, ఉండుండి రవంత జరపల్ల. సెగకు పొగాకు మగ్గల్ల గానీ మాడగూడదు. ఆ పొగ సూడు, పల్చగా, నీలంగా ఎట్లుండాదో! అదే మాడిన పొగ. తెల్లగా, మందంగా వస్తేనే రుచి.”

“అట్లే పెడతా ఉండాను గదా,” అంది మోహన, బొగ్గును మళ్లీ మధ్యకే నెడుతూ.

దామోదరానికి ఒళ్లు మండింది. “ఇరవై ఏండ్లు కట్టెల పొయ్యి మింద సంగటి కెలికి పెట్టినావు. ఒక్క పూటన్నా అడుగంటించినావా? ఆడికి పొయ్యేసరికి నిప్పు సూసేది మర్సిపోయినావా?”

మోహన వెనక్కి తిరిగి పెద్ద మేడమ్ వైపు చూసింది.

పెద్ద మేడమ్ గొట్టం పక్కన పడేసి అరబ్బీలో విసురుగా ఏదో అంది. ఏళ్ల తరబడి విన్న భాష కాబట్టి దామోదరానికి ప్రతి ముక్కా అర్థమైంది. రేపు కూడా మాడిస్తే మోహనను ఎడారిలో తన తమ్ముడి తోటకు పంపేసి, నిప్పు తెలిసిన మనిషిని తెచ్చుకుంటుందట. ఆ తోట దామోదరం చూశాడు. అక్కడ గొర్రెలుంటాయి, ఇసుక ఉంటుంది. ఫోను మాత్రం పలకదు.

ఆవిడ మాత్రలు వేసుకోవడానికి లోపలికి వెళ్లింది.

“ఇన్నావా?” అన్నాడు దామోదరం. “ఆ శుక్రవారం గూడా పోతాది మే. నీకు దండం పెడతా, సరిగ్గా నేర్సుకో.”

మోహన ఫోనును మొహానికి దగ్గరగా పట్టుకుంది. “నిప్పు మొదటి దినమే పట్టుబడిందయ్యా నాకు.”

“మళ్లెందుకు మాడస్తావుండావు?”

“బాగొస్తే ఫోను సొరుగులోనే ఉంటాది గదా.”

నెల రోజులుగా తాను తిట్టిన తిట్లన్నీ దామోదరానికి గుర్తొచ్చాయి. వాటిని వినడానికే ఆమె రోజూ బంగారంలాంటి పొగాకును మాడ్చి, ముసలావిడ చేత చీవాట్లు తింటోంది. ఆ తెరలోకి చెయ్యి పెట్టి ఆమె నుదుటి చెమట తుడవాలనిపించింది అతనికి.

“రేపు బాగా చెయ్యి,” అన్నాడు చివరికి. “వారానికొక తూరే సూసుకుందాం. అదన్నా మిగలనీ.”

ఆమె తలూపి, కొంగుతో కళ్లొత్తుకుంటుండగా పెద్ద మేడమ్ తిరిగొచ్చింది. మోహన మొహమూ, తెరలో ఇతని మొహమూ ఒక్క క్షణం మార్చి మార్చి చూసి, ఏమీ అనకుండా ఫోను తీసుకుని ఆపేసింది.

మర్నాడు ఆరున్నరకు దామోదరం అలవాటు కొద్దీ ప్రమిద మీద నిప్పు పెట్టుకుని కూర్చున్నాడు. ఫోను మోగలేదు. ఏడయింది. మోగలేదు. మోహన చెప్పినట్టే చేసింది, బతికిపోయాం అనుకున్నాడు. అనుకున్నాడే గానీ, గుండెలో బరువు దిగలేదు. ఇక మీదట శుక్రవారం దాకా ఈ సాయంత్రాలన్నీ ఎలా గడపాలో తెలియలేదు.

రుక్మిణమ్మ తలుపు తీసింది. “ఏమి దామోదరా, ఈ పొద్దు అరుపుల్లేవే?”

“నేర్సుకునింది లేమ్మా,” అన్నాడు, నవ్వబోయి.

బొగ్గుల మీద నీళ్లు చల్లుదామని చెంబు ఎత్తాడు. అప్పుడు మోగింది ఫోను.

చెంబు పక్కన పెట్టి నొక్కాడు. తెరనిండా పెద్ద మేడమ్ మొహమే. మళ్లీ మాడ్చేసిందా? ఇక ఎడారేనా?

ఆవిడ గొట్టం నోట్లో పెట్టుకుని, తీరిగ్గా ఒక దమ్ము లాగి వదిలింది. తెల్లగా, మందంగా, పాలు పొంగినట్టు లేచిన పొగలో వెనక నిలబడిన మోహన కనిపించకుండా పోయింది.

“ఈ రోజు కూడా మాడిపోయింది,” అంది పెద్ద మేడమ్, ఫోను మోహన చేతికిస్తూ. “నేర్పించు. తొందరేమీ లేదు.”