మూడో లైను

అమీర్‌పేట పోలింగ్ బూత్ ముందు మగవాళ్లదొక లైను, ఆడవాళ్లదొక లైను. రెండింటి నడుమ నూరీన్ ఒక్కతే నిలబడింది.

"ఎండల ఎందుకక్కా? ఆడోళ్ల లైన్ల నిలబడు, ఎవ్వరేమనరు," అన్నాడు కానిస్టేబుల్.

"వద్దు భాయ్. మా లైను ఇదే."

"ఒక్కదానివే ఉన్నవ్. గిది లైనెట్లయితది?"

నూరీన్ నవ్వింది. ఒకప్పుడు ఇదే గేటు దగ్గర మగవాళ్లు, నూరీన్‌ను చేరదీసిన గురువు గజాలాను ఆడవాళ్లలోకి పొమ్మన్నారు. ఆడవాళ్లు మగవాళ్లలోకి తరిమారు. ఓటరు కార్డు మీద 'థర్డ్ జెండర్' అన్న మాట వచ్చేదాకా గజాలా మళ్లీ ఈ గడప తొక్కలేదు. వచ్చాక మాత్రం నూరీన్‌ను చెయ్యి పట్టుకుని తెచ్చి, ఈ నడుమ జాగాలో తన వెనక నిలబెట్టుకుంది.

"ఇద్దరుంటే లైనే," అంది గజాలా ఆ రోజు.

రెండు లైన్లూ ముందుకు కదిలాయి. నూరీన్ కూడా కదిలింది కానీ, గుమ్మానికి ఇవతల ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలి ఆగిపోయింది.

కానిస్టేబుల్ విసుక్కున్నాడు. "జర ముందుకు జరుగక్కా. నీ ముందట ఎవ్వరు లేరు కదా!"

నూరీన్ కదల్లేదు.

"పోయిన ఎలక్షన్లకు ఉండె, భాయ్."