నలభై రెండు బొమ్మలు

మేనేజరు కొత్త మాన్యువల్ ఫైలు తెచ్చి, ఆస్పత్రి కంప్యూటర్లు చూసుకునే ఆవిడ బల్ల మీద పడేశాడు.

"బొమ్మలేవమ్మా?"

"తీసేశాను సార్."

"నలభై రెండూ?"

"నలభై రెండూ."

ఆ బొమ్మలంటే ఆయనకి కన్నబిడ్డలతో సమానం. ఆస్పత్రి రోగుల వివరాలుండే డేటాబేస్‌కి ప్రతి శనివారం నకలు తీయాలి, పాత చెత్త తుడవాలి, నకలు సరిగ్గా తెరుచుకుంటోందో లేదో చూడాలి. ఆ పనుల మాన్యువల్ కోసం ఆయన స్వయంగా కంప్యూటర్ తెరని ఫొటోలు తీసి, ఎర్ర బాణాలు గీసి అతికించాడు. 'కుడి మూల ఆకుపచ్చ బటన్ నొక్కండి' లాంటి వాక్యాలూ ఆయనవే.

ఇరవై రెండేళ్ళుగా ఆ పని చేస్తున్న ఆవిడ అవన్నీ కొట్టేసింది. ఏ కమాండ్ టైపు చేయాలో, దానికి మెషీన్ ఏమని జవాబివ్వాలో పొల్లుపోకుండా రాసింది. రంగుల ఊసే లేదు.

"బొమ్మ చూస్తే చంటిపిల్లలకైనా అర్థమవుతుంది. ఈ పురాణం ఎవడు చదువుతాడు?"

"ఫోన్లో చదివి వినిపించినా పనైపోవాలి సార్. ఆకుపచ్చ బటన్ అంటే ఫోన్లో ఏం తెలుస్తుంది?"

"నేను సంతకం పెట్టను. పాతదే ఉంటుంది. నచ్చకపోతే చెప్పండి, శనివారం పని ఇంకొకరికిస్తా."

ఆ మాటతో ఆవిడకి ఒళ్ళు మండింది.

"ఈ కుర్చీలోంచి నన్ను లేపడం అంత తేలిక కాదు సార్. ప్రాక్టీసుకి వాడే ఆ మెషీన్ తెర మీవైపు తిప్పుకోండి. నేను చూడను. నా మాన్యువల్ ప్రకారం మొత్తం చేసి చూపిస్తా. ఒక్కటి తప్పినా మీ బొమ్మలు నేనే అతికిస్తా."

"ముందు చెవిలో ఆ పాటలాపండి."

"అవి ఉంటేనే నాకు చేతులాడేది."

ఆయనా తక్కువ తినలేదు. ఆవిడ మంచినీళ్ళకి వెళ్ళొచ్చేలోపు ఆ మెషీన్‌లో పోయిన శనివారం నకలు తీసేసి, దాని చోట పోయిన నెలది పెట్టాడు. తర్వాత ఏమీ ఎరగనట్టు తెర తిప్పుకుని కూర్చున్నాడు.

కీబోర్డు టకటకలాడింది. ఒక్కో అడుగూ గడిచింది. తొమ్మిదో దాని దగ్గర ఆవిడ వేళ్ళు ఆగిపోయాయి.

"ఆపేశారేం?" ఆయన గొంతులో నవ్వు.

"ఇక్కడ నకలు తేదీ అడగాలి. పోయిన శనివారానిది కాకపోతే ఆపేయాలి. ఇది పోయిన నెలది సార్. మీ పాత మాన్యువల్‌లో ఈ అడుగే లేదు. అసలు మెషీన్‌లో ఆకుపచ్చ బటన్ నొక్కి దీన్ని ఎక్కించి ఉంటే నెల రోజుల రోగులు గల్లంతయ్యేవాళ్ళు."

ఆయన తెరని తనవైపు ఇంకాస్త లాక్కున్నాడు.

"తెర చూడకుండా మీకెలా తెలిసింది?"

"అడిగితే మెషీనే చెప్తుంది సార్. సంతకం పెట్టండి."

పెన్ను కోసం జేబులన్నీ తడుముకుని, ఒక్క బొమ్మైనా ఉంచాల్సిందని గొణుక్కుంటూ ఆయన సంతకం పెట్టాడు.

ఆయన గది దాటాక ఆవిడ, తెర మీది అక్షరాలన్నీ తన చెవిలో చదివి వినిపిస్తున్న గొంతుని ఆపి, ఏడాది తిరిగేలోపు రెండు కళ్ళకీ చూపు పూర్తిగా పోతుందని డాక్టరు రాసిచ్చిన కాగితం పక్కనే ఆ ఫైలుని సంచిలో పెట్టుకుంది.