నాలుగో సీసా

నాలుగోసారి కూడా గోధుమ రంగే వచ్చింది.

ఆమె సూక్ష్మదర్శిని మీంచి తల ఎత్తి కళ్ళు నులుముకుంది. మళ్ళీ చూసింది. కండరపు పోగుల మధ్య, ఎవరో టీ పొడి చల్లినట్టు, ఆ మచ్చలు అలాగే ఉన్నాయి.

ఆ ల్యాబులో ఆమెకు పదకొండేళ్ళ సర్వీసు. కండరాన్ని ఉల్లిపొర కన్నా పల్చగా కోసి గాజు స్లైడు మీద పరవడం, దాని మీద యాంటీబాడీ చుక్క వేయడం, కడగడం, రంగు పట్టించడం, ఇదే పని. కండను లోపల్నించి తినేసే ప్రొటీన్ ఉంటే యాంటీబాడీ వెళ్ళి దాన్నే పట్టుకుంటుంది. పట్టుకున్న చోట గోధుమ రంగు తేలుతుంది. జబ్బు లేని కండరంలో ఏమీ తేలదు.

"యాంటీబాడీ సీసా పాడైందేమో మాస్టారూ," అంది.

ల్యాబు పెద్దను అందరూ మాస్టారనే పిలుస్తారు. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు. "మూడు వారాల్లో ఇది నాలుగో సీసా. నాలుగూ పాడైనవేనా తల్లీ?"

ఆమె పంతం వదల్లేదు. బీరువాలోని పాత స్లైడ్లన్నీ తీసి, అదే సీసాలోంచి చుక్క వేసి చూసింది. రోగుల కండరాల్లో రంగు తేలింది. మిగతావాళ్ళవి శుభ్రంగా ఉన్నాయి. యాంటీబాడీ ఎక్కడా అబద్ధమాడలేదు.

మాస్టారు కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. "మీ తమ్ముడి జబ్బు సంగతి మనకు తెలియనిది కాదు. ఎన్నిసార్లు చూసుకున్నా అదేగా! ఎందుకమ్మా ఈ చిత్రవధ?"

ఆమె స్లైడును పెట్టెలో పెట్టి, చేతులు కడుక్కుని, ఇంటిదారి పట్టింది.

అమ్మానాన్నా పోయాక ఆ ఇంట్లో మిగిలింది ఇద్దరే. తమ్ముడు చక్రాల కుర్చీకి అతుక్కుపోయి నాలుగేళ్ళయింది. లేపడం, స్నానం చేయించడం, ఎత్తి పక్క మీద పడుకోబెట్టడం, అన్నీ ఆమే.

ఆ సాయంత్రం అతని చంకల కింద చేతులు వేసి పైకి లేపబోయింది. సగంలోనే ఆగి, మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టేసింది.

"ఏంటక్కా, నేనేమైనా లావెక్కానా?" అంటూ నవ్వాడు. అతని ఒంట్లో ఎముకలు తప్ప ఏం మిగల్లేదు.

"నోర్మూసుకో," అంది దుప్పటి సర్దుతూ.

"మాస్టారు ఫోన్ చేశారు. నా కండ ముక్క పట్టుకుని ల్యాబులో కిందా మీదా పడుతున్నావట. వదిలెయ్యక్కా. నాకేం భయం లేదు. నా కాళ్ళూ చేతులూ పోతే పోయాయి, నీవున్నాయిగా!"

ఆమె మొహం గోడకేసి తిప్పుకుంది.

మూడు వారాలుగా ఆమె పరీక్షిస్తున్నది తమ్ముడి కండరాన్ని కాదు. అతని స్లైడు పక్కన పోల్చి చూసేందుకు జబ్బు లేని మనిషిది ఒకటి ఉండాలని, తొడ నుంచి తీయించి పెట్టుకున్న తన కండరాన్ని.