శుక్రవారం పూనకం

నర్సు రెండుసార్లు "మునీశ్వరీ" అని పిలిచింది. ఆమె కదల్లేదు. పక్కనున్న మొగుడు గోవిందప్ప భుజం తట్టాక ఉలిక్కిపడి లేచింది.

పొద్దున్నే పుంగనూరులో బస్సెక్కి మదనపల్లెలో ఈ మానసిక వైద్యుడి దగ్గరకొచ్చారు. తీసుకొచ్చింది ఆమే. గోవిందప్ప ససేమిరా అన్నాడు. దారంతా కాళ్లు ఊపుతూనే కూర్చున్నాడు.

"శుక్రవారమైతే నాకు పూనకం వస్తాండాది సార్," అందామె, కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే. "ఊరంతా గంగమ్మ అంటాండారు. పసుపునీళ్లు పోసి, చేతికి వేపాకిచ్చి వరాలడుగుతాండారు. నాకేమీ గుర్తుండదు. తెలివొచ్చేతలికి ఇంటినిండా జనం. ఎట్టన్నా చేసి నిలిపేయండి సార్."

"గంగమ్మ ఏం చెబుతుంది?" డాక్టర్ సుబ్రహ్మణ్యం గోవిందప్పను అడిగాడు.

"ఏమీ చెప్పదు సార్. ఏడస్తాది. కుప్పం పోవాలంటాది."

ఏడ్చే దేవతను ఎవరైనా చూశారా? అయినా ఊరు టెంకాయలు కొడుతూనే ఉంది.

"కుప్పంలో ఎవరున్నారు?"

"మా అత్త ఉండేది, ఈమెకు అమ్మ. మూడేండ్ల కింద పోయింది. ఈ పూనకాలు ఆ తర్వాతే సార్."

"అప్పుడు కూడా నేను ఏడవలేదు," అందామె గబగబా. "పనులన్నీ నేనే సూసుకున్నా. నాకు ఏడుపే రాదు సార్."

డాక్టరు పెన్ను పక్కన పెట్టాడు.

"తట్టుకోలేని దుఃఖమొస్తే ఒక్కోసారి ఒకే మనిషిలో ఇద్దరు తయారవుతారమ్మా. ఒకరి సంగతి ఇంకొకరికి తెలియదు. వేరే దేశాల్లో దాన్ని జబ్బంటారు. మన దగ్గర అమ్మ పూనిందని హారతి పడతారు. భయం లేదు, నయం చేయొచ్చు."

"అయితే శుక్రవారం వచ్చేది ఇంక రాదా?" ఆమె ముఖం వెలిగింది.

గోవిందప్ప దిగ్గున లేచాడు. "వద్దు సార్! మందులొద్దు!"

గంగమ్మ పోతే ఊళ్లో పరపతి పోతుందని భయం కాబోలు అనుకున్నాడు డాక్టరు. ఇలాంటి మొగుళ్లను చాలామందినే చూశాడు. ఒళ్లు మండింది. ఆమెను బయట కూర్చోమని పంపి తలుపు వేశాడు.

"ఏమప్పా, నీ పెండ్లాం బాగుపడేది నీకిష్టం లేదా?"

గోవిందప్ప తలుపు వంక చూసి గొంతు తగ్గించాడు.

"మా అత్త పోయిన దినం నుంచి నా ఇంట్లో ఉండే ఈమె ఎవరో నాకు తెలీదు సార్, శుక్రవారం వచ్చి ఏడ్చిపోయేదే నా మునీశ్వరి."