ఎర్ర చుక్క బోర్డులు

"ఈ రెండు మూటలూ కలపకు బాబూ!" అంటూనే ఉంది పాత సామాన్ల అక్క.

జిగురు అప్పటికే రెండిటినీ బల్లమీద కుమ్మరించేశాడు.

పట్టుకుంటే వదలడు కనక ఆఫీసులో ఆ ఇంజనీరు పేరు జిగురు.

"అన్నీ ఒకే కంపెనీ రౌటర్ బోర్డులేగా అక్కా!"

"చుక్కున్నవి తక్కువ తింటాయి. ముద్ద చిన్నది పెట్టాలి. కుర్చీ వేస్తే, కూర్చుని చూపిస్తా."

"తూకం నీది, తంటా నాది. నువ్వెళ్ళు."

పక్క బల్ల దగ్గర టంకం వేస్తున్న జిగురు బావమరిది కిసుక్కున నవ్వాడు.

ఆవిడ నవ్వలేదు. ఖాళీ గోనెలు మడిచి చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

బోర్డులు నలభై. నది పొడవునా నీటిమట్టం చెప్పే నలభై పెట్టెల్లో కూర్చోవడానికి శుక్రవారం పొద్దునకల్లా బయల్దేరాలి. ఎగువన వానలు మొదలయ్యాయి. ఒక్క పెట్టె మూగబోయినా దిగువన ఒక ఊరికి వరద కబురందదు.

జిగురు ఒక్కో బోర్డుకూ తీగ తగిలించి కెర్నల్ దించసాగాడు. కెర్నలంటే బోర్డుకి ప్రాణం పోసే ప్రోగ్రాము. అది దిగగానే బోర్డు లేచి సెల్యూట్ కొట్టాలి.

ఇరవై రెండు సెల్యూట్ కొట్టాయి. పద్ధెనిమిది సెలవు పెట్టాయి.

తెరమీద అక్షరాలు సగందాకా పరుగెత్తడం, ఠక్కున ఆగిపోవడం.

"ఇది బూటింగ్ కాదు బావా, బూటకం!"

"నోరు మూసి ఇంకోటి తగిలించు."

తీగ మార్చాడు. కెర్నల్ మార్చాడు. కరెంటు ప్లగ్గు మార్చాడు. పంతం మాత్రం మార్చలేదు.

"ఈ పద్ధెనిమిదీ వదిలేద్దాం బావా."

"ఏ పద్ధెనిమిది ఊళ్ళు వదిలేద్దామో నువ్వే చెప్పు."

బావమరిది ఇంకో బోర్డు తీసి అందించాడు.

గురువారం మధ్యాహ్నం, లేచిన బోర్డునొకటీ లేవనిదొకటీ పక్కపక్కన బోర్లా పడుకోబెట్టాడు జిగురు.

లేవనిదాని వీపున చిన్న ఎర్ర చుక్క.

ఇంకోటి తిప్పాడు. చుక్క. పద్ధెనిమిదికీ చుక్కే!

భూతద్దం పెట్టి మెమరీ చిప్పు మీది నంబరు చదివాడు. మెమరీ మిగతావాటిలో సగమే.

"తక్కువ తింటాయంది కదా బావా..." బావమరిది గొణిగాడు.

లేని చోటు ఉందనుకుని కెర్నల్ కాళ్ళు చాపుతోందన్నమాట! మెమరీ నూట ఇరవై ఎనిమిది ఎంబీ అని రాసినచోట అరవై నాలుగని కొట్టి, కెర్నల్‌ని కత్తిరించి చిన్నది చేసి దించాడు.

పద్ధెనిమిదీ లేచాయి.

శుక్రవారం పొద్దున బోర్డులు బండెక్కాయి. జిగురు తన బల్ల పక్కన ఇంకో కుర్చీ వేసి, తుడిచి, పాత సామాన్ల కొట్టుకి వెళ్ళాడు.

కొట్టులో ఆవిడ తమ్ముడున్నాడు.

"అక్క నిన్ననే కూతురి దగ్గరికి వెళ్ళిపోయిందండీ. కొట్టు నాకప్పజెప్పింది. ఇక రాదు."

"ఆ బోర్డుల సంగతి ఆవిడకెలా తెలుసు?"

"తెలీకపోవడమేంటండీ! అవి తయారుచేసే ఫ్యాక్టరీ మూసేసి, మిగిలినవి తుక్కు చేస్తుంటే చూడలేక కొని తెచ్చుకుంది. ఆ చుక్కలు పెట్టిన చెయ్యి అక్కదే. పందొమ్మిదేళ్ళు అక్కడ ఆవిడ సంతకం పడందే ఒక్క బోర్డు గేటు దాటేది కాదు."