అక్టోబర్ కంటే ముందు నాలుగు పాటలు

ఉల్వా స్టూడియో తలుపు తట్టలేదు, తోసింది. డ్రమ్స్ ముందు కూర్చున్న రూనె చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

“ఆపండి మీ గోల. ఏదీ ఆ మహాతల్లి?”

మైకు ముందు నిలబడ్డ సిగ్నే హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకుంది. గోడవారన గిటారు శ్రుతి చేసుకుంటున్న మాల్టె తలెత్తాడు.

“అక్కా, రికార్డింగులో ఉన్నాం. తర్వాత మాట్లాడుకుందాం.”

“నువ్వు నోరు మూసుకో. నీకు లేకపోయినా నాకు సిగ్గుంది.”

ఉల్వా చేపల మార్కెట్ నుంచి నేరుగా ట్రామెక్కి వచ్చింది. ఒంటిమీద రబ్బరు ఆప్రాన్ కూడా విప్పలేదు.

“పొద్దున రేడియోలో మీ ఈపీ, ఆ చిన్న రికార్డు, వేశారు. నాలుగు పాటలూ వరసగా. మార్కెట్ మార్కెట్టంతా పని మానుకుని వింది. విని నా మొహం చూసింది. ‘ఇది మీ తమ్ముడి గురించేనటగా’ అని ఒకావిడ కిసుక్కున నవ్వింది. ఆవిడకి చేప తూచివ్వాలా, దాంతోనే మొహాన కొట్టాలా?”

“వదినా, ముందు కూర్చో,” అంది సిగ్నే.

“వదినా అనకు. విడాకులతోనే ఆ వరస పోయింది.”

మాల్టె, సిగ్నే విడిపోయి రెండేళ్లయింది. పెళ్లి విరిగినా బ్యాండు విరగలేదు. యోతెబోరి నగరంలో సంగీతం వినేవాళ్లందరికీ ఆ కథ తెలుసు. సిగ్నే ఆసుపత్రిలో కడుపులో బిడ్డను పోగొట్టుకున్న రోజున మాల్టె మాల్మోలో ఇంకో అమ్మాయితో హోటల్లో ఉన్నాడు. ఎన్నిసార్లు చేసినా ఫోన్ తియ్యలేదు.

“వాడు చేసింది వెధవ పనే,” అంది ఉల్వా. “నేనేమీ వెనకేసుకు రాలేదు. ఆ రోజు నీ చెయ్యి పట్టుకుని కూర్చున్నది నేను. విడాకులడిగావు, మారు మాట్లాడకుండా ఇచ్చాడు. ఇంకా ఏం కావాలి నీకు? ఊరంతా వినేలా వాణ్ణి పురుగని పాడతావా? ఆ పాటకి వాడిచేతే గిటారు వాయిస్తావా?”

సిగ్నే పెదవి కొరుక్కుంది. “అవి నేను...”

“సిగ్నే, వద్దు,” అన్నాడు మాల్టె.

“ఎందుకు వద్దు? చెప్పనీ. అట్ట మీద రచన అని బ్యాండు పేరేసి దాక్కుంటే నాకు తెలీదా? ఆ హోటల్ గదిలో ఫోన్ మోగుతుంటే బోర్లా తిప్పి పెట్టాడట. పక్కనే నిలబడి చూసినట్టు రాశావు. నిజంగా చూసినా అంత కసి పుట్టదు మనిషికి.”

రూనె లేచి కాఫీ తెస్తానంటూ బయటికి జారుకున్నాడు. ఎవరూ ఆపలేదు.

ఉల్వా తమ్ముడి వైపు తిరిగింది. మనిషి సగమయ్యాడు. చొక్కా ఒంటిమీద వేలాడుతోంది. ఆమెకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

“నాలుగు పాటలకే నిన్నిలా పిండేస్తే, అక్టోబర్లో ఆల్బమ్ వచ్చేసరికి నువ్వు మిగులుతావా? తిండి మానేశావు. నిద్ర మానేశావు. ఏదో ఒకరోజు పోలీసులు నాకు ఫోన్ చేసి చెప్పాలా నీ సంగతి? ఆ గిటారు పెట్టెలో పెట్టు. నాతో వచ్చెయ్.”

“రాలేనక్కా. ఆల్బమ్ పూర్తవ్వాలి.”

“దీని తిట్లు పూర్తవ్వాలా?”

“పూర్తిగా అనాలి. సగంలో ఆపకూడదు.”

“పిచ్చెక్కిందిరా నీకు. నువ్వు మందు పెట్టావే సిగ్నే వీడికి.” ఉల్వా ఆమె వైపు తిరిగింది. “నీకు నా తమ్ముడి ప్రాణం కావాలి. అంతే కదా?”

సిగ్నే కళ్లలో నీళ్లు తిరిగాయి.

మాల్టె గిటారు భుజానికి తగిలించుకున్నాడు. అక్క అక్కడ లేనట్టే మైకు వైపు చూశాడు. “ఆల్బమ్‌లో చివరి పాట ఇంకొక్కసారి పాడు. ఆ రెండో చరణంలో గొంతు మెత్తబడుతోంది. ఇంకా గట్టిగా ఉమ్మినట్టు రావాలి.”

సిగ్నే మెడలోంచి హెడ్‌ఫోన్లు తీసి కుర్చీ మీద పెట్టేసింది.

“నీ మీద నువ్వే ఇలా రాసుకుంటే నేనిక పాడలేను మాల్టె.”